కాళ్ల పీట

తొర్రూరు బస్టాండు వెనక సందులో ఉండే ఉమారాణిని ఎవరైనా "ఏం చేస్తున్నవ్" అని అడిగితే "కూసున్న" అంటుంది. అందులో వెటకారం ఏమీ లేదు. ఇరవై తొమ్మిదేళ్ల ఆ మనిషికి పోయిన ఏడాదంతా కూచోవడంలోనే గడిచింది. కుట్టుమిషను ముందు కూచున్నది కొంత. ఇంటి వెనక బట్టలుతికే బండ పక్కన, నేల మీద కాళ్లు చాపి, ఆ కాళ్ల మీద బిడ్డను పెట్టుకుని కూచున్నది చాలా. ఇంటి పట్టున ఉండే ఆడదానికి పనేముంటుందనే మహానుభావులు ప్రతి సందులోనూ ఉంటారు. వాళ్లను ఒక్క పూట తెచ్చి ఆమె పక్కన కూచోబెట్టాలి. నడుము పట్టేస్తే లేపేవాళ్లను మాత్రం వాళ్లే తెచ్చుకోవాలి.

ఆమె బిడ్డ పేరు గీతాంజలి, ఇంట్లో గీత. ఆరేళ్లది. పుట్టగానే ఏడవలేదు. ఏడుపు వచ్చేలోపు గడిచిన ఆ కాసేపట్లోనే, మెదడులో కాళ్లను నడిపించే చోటు దెబ్బతిన్నదని తర్వాత వరంగల్లులో పెద్ద డాక్టరు చెప్పాడు. రెండు కాళ్లూ కర్రల్లా బిగుసుకుని ఉంటాయి. నిలబెడితే కత్తెర పడినట్టు ఒకదాని మీదికి ఒకటి వస్తాయి. నడవలేదు, గొంతుక్కూచోలేదు. నోరు మాత్రం కాళ్ల వాటా కూడా కలుపుకుని పని చేస్తుంది. సందులోకి వచ్చిన కూరగాయల బండివాడితో బేరం ఆడేది గీతే. నానమ్మ సాలమ్మ సీరియల్ చూస్తూ కునికిపాట్లు పడితే, లేచాక జరిగిన కథ చెప్పేదీ గీతే.

తండ్రి ఎల్లేశ్ డీసీఎం వ్యాను నడుపుతాడు. మిర్చి కాలంలో ఖమ్మం మార్కెట్టుకు, వడ్ల కాలంలో మిల్లులకు తిరుగుతాడు. మంచివాడే. అయితే ఆ మంచితనం తెల్లారేసరికి వ్యానెక్కి వెళ్లిపోతుంది. ఇంట్లో ఉన్న పూట కూడా బిడ్డను ఎత్తుకుని ఆడిస్తాడు, నెత్తి దువ్వుతాడు, బట్టలు తడిసిన వాసన రాగానే మాత్రం "ఉమా, పాపను చూడు" అని కేకేస్తాడు. ఎందుకంటే "ఆడపిల్లాయె, నాకేం తెలుస్తది" అంటాడు. అదేదో ఉమారాణి తల్లి కడుపులోంచే నేర్చుకుని వచ్చినట్టు.

ఆరేళ్లలో ఆమె ఎక్కడికీ పోలేదంటే నమ్మరు. చిల్పూరు గుట్టకు మొక్కు తీర్చుకుందామని ఒకసారి బయల్దేరింది. బస్సులో డైపరు కారిపోయింది. పక్క సీటు ఆవిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది. ఉమారాణి పాలకుర్తిలో దిగి తిరుగు బస్సెక్కి ఇల్లు చేరింది. సొంత చెల్లెలి పెళ్లిలో తలంబ్రాల వేళకు ఆమె ఫంక్షన్ హాలు బాత్రూంలో గుడ్డలు పిండుతోంది. అప్పటి నుంచి పిలిచిన చోటికి ఎల్లేశ్ ఒక్కడే పోతున్నాడు. తలుపు గడియ పెట్టుకుని స్నానం చేసి కూడా ఎన్నేళ్లయిందో ఆమెకు గుర్తు లేదు. నాలుగు గోడల మధ్య మనిషి నాలుగు దిక్కులా ఇరుక్కుపోవడం అంటే అదే.

నిరుడు జూన్‌లో గీతను ఎత్తుకుని సర్కారు బడికి పోయింది. పెద్ద టీచరు రాధమ్మ కుర్చీ వేసి కూచోబెట్టి, గీతతో మాట్లాడి, మురిసిపోయింది. తర్వాత ఉమారాణిని పక్కకు పిలిచింది.

"నడవకపోతే ఏం కాదమ్మా, ఎత్తుకొచ్చి కూసోబెడుతం. గని బట్టలల్ల పోసుకుంటే ఎవరు మార్చాలె? ఇద్దరమే టీచర్లం, అరవై మంది పిల్లలు. వస్తుందని చెప్పుడు, కూసోబెడితే పోసుడు, ఈ రెండు నేర్పియ్యి. వచ్చే జూన్‌ల నేనే చేర్చుకుంట."

బిడ్డను అట్లా వెనక్కి పంపకూడదని, చట్టం వేరే మాట చెబుతుందని తెలిసినవాళ్లు ఎవరైనా ఉమారాణికి చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. రాధమ్మ చెడ్డమనిషీ కాదు. అరవై మంది ముక్కులు తుడిచే మనిషి. ఉమారాణి తల ఊపి వచ్చేసింది.

బడి అంటే ఆమెకు బిడ్డ చదువు ఒక్కటే కాదు. ఆ మాట ఎవరితోనూ అనలేదు గానీ, గీత బడికి పోతే పదింటి నుంచి నాలుగింటి దాకా ఆరు గంటలు తనవవుతాయి. గీత పుట్టకముందు ఉమారాణి శారదక్క కుట్టు షెడ్డులో కుట్టేది. శారద మహిళా సంఘం లీడరు. ఏటా బడిపిల్లల యూనిఫారాల పని తెస్తుంది. రేకుల షెడ్డు కింద ఆరు మిషన్లు, ఆరుగురు ఆడవాళ్లు, ఒకరి మాట మీద ఒకరి మాట. కాలరు తిప్పడంలో ఉమారాణి చెయ్యే చెయ్యి అని శారద ఇప్పటికీ అంటుంది. ఆ షెడ్డులో ఆ మిషను ముందు మళ్లీ కూచోవాలి. ఆమె కోరిక అంతే. కోరడానికి కూడా ఎంత చిన్న కోరికో చూడండి.

నేర్పడం మొదలుపెట్టింది. వారానికోసారి ఊళ్లోని సర్కారు కేంద్రంలో వ్యాయామం చేయించే శ్రీపాల్ సారు ఉన్నాడు. ఫిజియోథెరపీ చదివినవాడు, నిదానస్తుడు. ఆయన చెప్పాడు: "అన్నం తిన్న పావుగంటకు కూసోబెట్టమ్మా. నీళ్లు తాగిన గంటకు కూసోబెట్టు. రోజూ అదే టైముకు. రాకుంటే తిట్టకు. వచ్చిందా, పండుగ చెయ్యి. పాదాలు నేలకు ఆనాలె, మోకాళ్లు వంగాలె. కాళ్లు గాల్లో ఉంటే పాపకు భయమేసి బిగపడుతది."

ఎల్లేశ్ ఎర్ర ప్లాస్టిక్ కుర్చీకి నడుమ కోత కోసి, అంచుకు సైకిల్ ట్యూబు చుట్టి, కింద బకెట్టు పెట్టాడు. చూడ్డానికి బాగానే ఉంది. గీతను దాని మీద కూచోబెడితే కాళ్లు ముందుకు బిర్రుగా చాచుకుపోయి, ఒళ్లంతా జారి, ట్యూబు అంచు తొడలోకి దిగింది. మూడో రోజు కుర్చీతో సహా పక్కకు పడింది. నాలుగో రోజు కుర్చీ కనపడగానే ఏడుపు. ఆ ఏడుపుకు కాళ్లు ఇంకా బిగుసుకుంటాయి. బిగుసుకున్న కాళ్లతో కూచోలేదు. కుర్చీలోంచి దించి ఎత్తుకోగానే భుజం మీద పోసేస్తుంది. రెండు నెలలు ఈ తంతే. ఉమారాణి ఒకరోజు బిడ్డ వీపు మీద ఒక్కటి వేసింది. వేసి, తానే బండ మీద కూలబడి ఏడ్చింది.

అది చూసి సాలమ్మ అరుగు మీది నుంచి లేవకుండానే అన్నది:

"కుర్సీలు బకెట్లు ఏందే. మా ఆరుగురిని నేను కాళ్ల మీద కూసోబెట్టుకోలేదా. నీ కాళ్లు చాపి దాన్ని కూసోబెట్టు. అదే పోస్తది."

"అది సంటిపిల్లలకు అత్తమ్మా. దీనికి ఆరేండ్లు వస్తున్నయ్."

"కాళ్లకు ఏం తెలుసే ఏండ్లు. కూసోబెట్టి చూడు."

ఆ పద్ధతి తెలియని ఇల్లు ఆ చుట్టుపక్కల లేదు. తల్లో నానమ్మో నేల మీద కూచుని రెండు కాళ్లూ చాపుతుంది. బిడ్డ తొడలు రెండు పిక్కల మీదికి వస్తాయి, పిరుదులు నడుమ సందులోకి దిగుతాయి, అరిపాదాలు అటొకటి ఇటొకటి నేలకు ఆనుతాయి. బిడ్డ మొహం తల్లి మొహానికి ఎదురుగా ఉంటుంది. చంకల కింద చేతులు వేసి పట్టుకుని తల్లి "ష్... ష్..." అంటుంది. నడక వచ్చేదాకా పిల్లలందరికీ అదే పీట.

ఉమారాణి కాళ్లు చాపింది. గీతను ఎదురుగా పెట్టుకుంది. విచిత్రం ఏమిటంటే, మోకాళ్లు వంగి, తల్లి ఒంటి వేడి తగిలి, ఆ కర్రల్లాంటి కాళ్లు నెమ్మదిగా సడలాయి. ఇద్దరూ కబుర్లు చెప్పుకున్నారు. మొదటి రోజు రాలేదు. నాలుగో రోజు, కూరగాయలవాడు టమాటాల్లో ఎట్లా మోసం చేశాడో చెబుతూ చెబుతూ గీత ఆగిపోయి, కింద చూసి, "అమ్మా, వచ్చింది" అన్నది.

సాలమ్మ ఆ కబురు సందు చివరిదాకా మోసింది. ఆ సాయంత్రం ఎల్లేశ్ జిలేబి తెచ్చాడు. ఉచ్చ పోసినందుకు మిఠాయి పంచిన ఇల్లు లోకంలో అదొక్కటే అయి ఉంటుంది. పంచనీ. వాళ్ల పండగ వాళ్లది.

దసరా దాటేసరికి పొద్దుటి వేళ కుదిరింది. పుష్యమాసం వచ్చేసరికి "అమ్మా, వస్తుంది" అని ముందే చెప్పడం వచ్చింది. డైపర్లు మానేశారు. శ్రీపాల్ సారు చూసి చాలా సంతోషించాడు. సంతోషించి, వెంటనే ఒక మాట అన్నాడు.

"కూసునే తీరు మంచిగ దొరికిందమ్మా. గని ఇప్పుడే కుర్సీకి మార్చు. ఇదే తీరుగ కూసునేటట్టు చెక్కతోని పీట చేయిద్దాం. లేకుంటే మీ కాళ్లు లేంది ఎక్కడా పొయ్యదు."

"మారుస్త సారూ" అన్నది ఉమారాణి.

మార్చలేదు. కుర్చీ అంటే మళ్లీ ఏడుపు, మళ్లీ ఓటమి. కాళ్ల మీదైతే నవ్వులు. అంతే కాదు, నిజం చెప్పుకోవాలంటే, లోపల ఎక్కడో ఒక గర్వం కూడా. ఏ డాక్టరూ ఏ కుర్చీ చేయలేని పని తన కాళ్లు చేశాయి. ఆరేళ్లలో ఆమెకు దొరికిన గెలుపు అదొక్కటే. దాన్ని చెక్కపీటకు ఎట్లా రాసిస్తుంది?

జూన్ వచ్చింది. రాధమ్మ మాట తప్పలేదు. గీత పేరు రిజిస్టరులో ఎక్కింది. నీలం గౌను వేసుకుని, తండ్రి భుజం మీద ఊరేగి, ముందు వరసలో గోడకు ఆనించిన కుర్చీలో కూచుంది. ఉమారాణి ఇంటికి వచ్చి, తలుపు గడియ పెట్టి, రెండు బకెట్ల నీళ్లు పోసుకుంది.

మూడో రోజు పదకొండింటికి బడి నుంచి ఫోను. బళ్లో ఇట్లాంటి పిల్లల కోసం కట్టిన బాత్రూం ఉంది, పట్టుకోవడానికి కమ్మీలు కూడా ఉన్నాయి. మధ్యాహ్నం వంట చేసే గోరీ, తండా నుంచి వచ్చే పెద్ద మనసు మనిషి, తానే ఎత్తుకుపోయి కూచోబెట్టింది. గీత మొద్దులా బిగుసుకుపోయింది. తన కాళ్ల మీద కూచోబెట్టుకుని కూడా చూసింది గోరీ. కాలేదు. వస్తుందని ఏడుస్తుంది, పోయదు.

ఉమారాణి పరుగున పోయింది. ఆ బాత్రూంలో కమ్మీలున్న కమోడు పక్కనే, నేల కడిగి, కాళ్లు చాపింది. గీత నిమిషంలో పోసింది.

"మీ కాళ్లల్ల ఏం మహిమున్నదో గని" అని గోరీ నవ్వింది. ఉమారాణీ నవ్వింది. సిగ్గు లేకుండా కొంచెం మురిసింది కూడా. నవ్వు ఆగాక రాధమ్మ నెమ్మదిగా అన్నది: "మరి రోజూ పదకొండింటికి, ఒంటిగంటన్నరకు రావాలె తల్లీ నువ్వు."

బడి ఊరికి ఆ చివర. పోను ఇరవై నిమిషాలు, రాను ఇరవై. ఇంటికొచ్చి జాకెట్టుకు ఒక చెయ్యి ఎక్కించేలోపు మళ్లీ లేవాలి. రెండో చెయ్యి ఎక్కించేలోపు బడి విడిచే వేళ. తన చేతులతో కాదు, తన కాళ్లతోనే తనకు సంకెళ్లు వేసుకుంది ఉమారాణి. శ్రీపాల్ సారు మాట అప్పుడు గుర్తొచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం. చెక్కపీట చేయించి ఇంట్లో పెట్టింది. గీత దాన్ని చూసి "వద్దు" అన్నది, అంతే.

జూన్ మూడో వారంలో శారద ఫోన్ చేసింది. ఆ వేళ ఉమారాణి ఇంటి వెనక కాళ్లు చాపుకుని ఉంది, గీత కాళ్ల మీద ఉంది. ఫోను స్పీకరులో పెట్టక తప్పలేదు.

"ఉమా, రెండో జత గుడ్డలొచ్చినయ్. ఒక మిషను ఖాళీగున్నది. పాప బడికి పోతుందట కదా. రా."

"పదకొండింటికి బడికి పోవాల్నక్కా, దీన్ని కూసోబెట్టాలె. మల్ల ఒకటిన్నరకు."

"గట్ల నడుమ నడుమ లేస్తే ఎట్లనే. నీకు తెల్వదా. అందరం ఒక తీరుగ కుడితెనే పని తెగుతది."

"నాకు తెలుసక్కా. నేను రాలేను. నా నసీబు గిట్లున్నది. ఇంకెవ్వరినన్న చూసుకో."

ఉమారాణి ఫోను పెట్టేసింది. గీత తల్లి మొహాన్ని జానెడు దూరం నుంచి చూస్తూ కూచుంది.

సోమవారం పదకొండింటికి ఉమారాణి బడికి పోతే గీత తల అడ్డంగా ఊపింది. "వస్తలేదమ్మా." ఒకటిన్నరకూ రాలేదు. ఇంటికొచ్చాకే పోసింది. మంగళవారమూ అంతే. బుధవారం పొద్దున జడ వేయించుకుంటూ గీత పెద్దదానిలా చెప్పింది: "ఇగ నువ్వు రాకు. నాకు బడిల వస్తలేదు. ఇంటికొచ్చినంక పోస్త. నువ్వు శారదత్తోళ్ల దగ్గరికి పో."

అవసరమైతే ఫోను చెయ్యమని ఉమారాణి గోరీకి చెప్పింది, రాధమ్మకు చెప్పింది. రెండు రోజులు ఫోను చేతిలోనే పట్టుకుని ఇంట్లో కూచుంది. మోగలేదు. గీత పొడి బట్టలతో ఇంటికి వచ్చింది. "మా బిడ్డ ఆపుకునుడు నేర్చింది" అని సాలమ్మ దిష్టి తీసింది.

ఉమారాణి షెడ్డుకు పోయింది.

పదకొండు రోజులు పోయింది. ఆ పదకొండు రోజులూ ఆమె మొహం చూడాల్సింది. తలలో పూలు పెట్టుకుంది. కాలరు తిప్పుతూ ఎవరో చెప్పిన మాటకు పడీ పడీ నవ్వింది. మధ్యాహ్నం ఆరు టిఫిన్లు విప్పి ఆరు కూరలు పంచుకుంటుంటే, పక్కామె తెచ్చిన వంకాయకూర తిని "జర ఉప్పెక్కువైంది" అన్నది, అట్లా అనే హక్కు దొరికినందుకే కడుపు నిండిపోయింది. ఎవరికీ ఎక్కడికీ పరిగెత్తాల్సిన పని లేదు. పదకొండయ్యేది. ఆమె గోడ గడియారం వైపు చూసి, మళ్లీ సూది వైపు చూసేది.

ఇక్కడ చెప్పకుండా దాటేయకూడని సంగతి ఒకటి ఉంది. సాయంత్రం ఇంటికి రాగానే గీతను కాళ్ల మీద కూచోబెట్టుకునేది ఉమారాణే. ఆ బిడ్డ ఉచ్చ రంగు, వాసన, అది ఎంతసేపు వస్తుందో, ఎక్కడ ఆగుతుందో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఆరో రోజుకే పచ్చగా వచ్చింది, గుక్కెడే వచ్చింది. వాసన ఘాటుగా కొట్టింది. గీత పెదవులు పొక్కు కట్టి ఉన్నాయి. ఎండలు ఇంకా తగ్గలేదు కదా, అందుకే అనుకుంది ఉమారాణి. నీళ్ల సీసా ఖాళీగానే వస్తుంది కదా అనుకుంది. అడగడానికి నోరు ఉంది. అడగలేదు. ఎందుకు అడగలేదో ఆమెకు బాగా తెలుసు.

పన్నెండో రోజు పొద్దున గీతకు ఒళ్లు కాలింది. చలి, వణుకు. ఉచ్చ పోయడానికి కూచోబెడితే "మంట" అని అరిచి తల్లి జాకెట్టు గుప్పిట పట్టింది. ఎల్లేశ్ వ్యాను పక్కన పెట్టి ఇద్దరినీ దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టరమ్మ పరీక్ష రాసి, కాగితం చూసి, తలెత్తింది.

"మూత్రంలో ఇన్ఫెక్షన్ బాగా ఉంది. పాప నీళ్లు తాగుతుందా?"

"తాగుతది మేడం. రోజూ సీసా నిండ పంపుత, ఖాళీ సీసా వస్తది."

"బాత్రూంకు ఎన్నిసార్లు పోతుంది?"

"పొద్దున, మల్ల సాయంత్రం."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "అంటే తాగడం లేదు" అన్నది.

మూడు రోజులు సూదులు. మూడో రోజు గోరీ చూడ్డానికి వచ్చింది, అరటిపళ్లు పట్టుకుని. విషయం విని చెప్పింది: "రోజూ పూలచెట్ల కాడ కూసోబెట్టుమంటది నన్ను. చెట్లకు నీళ్లు పోస్త అక్కా అంటది. సీసల నీళ్లన్ని పోస్తది. మంచి పిల్ల, చెట్లంటే పానం అనుకున్న నేను. పప్పు గూడ వద్దంటది, వట్టి అన్నమే తింటది."

గోరీ పోయాక ఉమారాణి మంచం పక్కన కూచుంది. గీత కళ్లు మూసుకుని ఉంది, నిద్ర కాదు.

"ఎందుకు బిడ్డా గిట్ల చేసినవ్?"

గీత కళ్లు తెరవకుండానే అన్నది.

"తాగితే వస్తది. వస్తే నువ్వు రావాలె. నువ్వస్తే శారదత్త మిషను ఇయ్యదు."

ఏడవాలని కూడా అనిపించలేదు ఉమారాణికి. ఆరేళ్ల పిల్ల దాహం అమ్మి తల్లికి పదకొండు రోజులు కొనిచ్చింది. ఆ తల్లి ఆ పదకొండు రోజులూ పూలు పెట్టుకుని తిరిగింది. తప్పు ఎవరిదంటే ఏం చెప్పాలి. కాళ్లు చాపమన్న అత్తదా, పొడి బట్టలు అడిగిన బడిదా, నడుమ నడుమ లేచేవాళ్లతో కుదరదన్న శారదదా. ఒక్కొక్కరి మాటా న్యాయంగానే ఉంటుంది. అన్ని న్యాయాల నడుమా అడకత్తెరలో పోకచెక్కలా నలిగింది మాత్రం ఈ ఇద్దరే.

జ్వరం తగ్గి వారం అయ్యాక, జూలై నడుమ, ముసురు పట్టిన పొద్దున ఉమారాణి గీతను ఎత్తుకుని బడికి పోయింది. సంచిలో నాలుగు జతల బట్టలు, రెండు పాత లుంగీ ముక్కలు, ఒక ఫినాయిల్ సీసా. ముందు రోజే శారద ఫోన్ చేసి, "రేపు రాకుంటే మిషను వేరేవాళ్లకు ఇస్త ఉమా, ఏమనుకోకు" అన్నది. ఏమనుకోవడానికీ ఉమారాణి దగ్గర ఓపిక లేదు.

రాధమ్మ బల్ల మీద సంచి పెట్టింది.

"ఇగ నుంచి ఇది తడుపుకుంటది టీచర్. తాగుమని నేనే చెప్పిన, వస్తే బట్టలల్లనే పొయ్యుమని నేనే చెప్పిన. బట్టలు ఇవి. తుడిచెటందుకు గుడ్డలు ఇవి. చెక్కపీట ఆటోల వస్తది, గోరక్క రోజు కూసోబెట్టి చూడాలె, పోస్తే పోస్తది, పొయ్యకుంటే లేదు. వద్దంటే ఇప్పుడే చెప్పుండ్రి, తీస్కపోత."

ఏడాది కష్టపడి నేర్పినదాన్ని ఆమె తన నోటితోనే అట్లా కొట్టేసింది. రాధమ్మ సంచిలోకి చూసి, గీత సన్నబడిన మొహం చూసి, కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"ఎవరన్న వద్దంటే నేను చెప్పుకుంటగని, ఉండనియ్యి" అన్నది.

వరండాలో ఉమారాణి గ్లాసు నిండా నీళ్లు పోసి గీత చేతికిచ్చింది. గీత గ్లాసు పట్టుకుంది, తాగలేదు.

"నువ్వు పోతవా, ఉంటవా?"

"ఉంట బిడ్డా."

గీత గ్లాసు కింద పెట్టేసింది. "అయితే తాగ."

ఉమారాణి బిడ్డ మొహంలోకి చూసింది. ఆ మొండితనం ఎక్కడిదో ఆమెకు తెలుసు, అద్దంలో రోజూ చూసేదే. గ్లాసు తీసి మళ్లీ చేతిలో పెట్టింది.

"పోత. షెడ్డుకే పోత. నువ్వు తాగినంక పోత."

గీత గ్లాసంతా తాగింది. గుక్క తిప్పుకోకుండా తాగింది, పాపం, ఎంత దాహమో. తాగి మూతి తుడుచుకుని, "ఇగ పో" అన్నది.

ఉమారాణి గేటు దాటింది. షెడ్డు కుడివైపు, ఇల్లు ఎడమవైపు. రెండు వైపులా కాళ్లు కదలలేదు. గోడ వెంబడి నాలుగు అడుగులు వేసి, తరగతి గది వెనక్కి పోయి, చూరు కింద నిలబడింది. గోడ అవతల పిల్లలు వల్లె వేస్తున్నారు. జేబురుమాలంత చూరు. సగం ఒళ్లు తడుస్తూనే ఉంది. ఫోను మోగబోతే ఆపేసింది, శబ్దం లోపలికి వినపడుతుందని.

పదకొండు దాటిందేమో, వల్లె ఆగింది. కుర్చీలు జరిగాయి. ఎవరో పిల్ల, "టీచర్, గీత పోసుకుంది" అన్నది. పిల్లలు నవ్వారు. రాధమ్మ ఒక్కసారి గద్దిస్తే నవ్వు ఆగింది. ఉమారాణి చెయ్యి గోడకు అతుక్కుపోయింది. ఒక్క పరుగు తీస్తే గేటు. ఆ పరుగు తీస్తే గ్లాసు మళ్లీ కింద పెట్టేస్తుంది గీత, రేపు, ఎల్లుండి, ఇక ఎప్పటికీ.

గోరీ వచ్చిన చప్పుడు. "ఎత్తుకుంట దా బిడ్డా, ఏం గాదు, బట్టలు మార్చుకుందాం" అంటోంది. గీత ఏడుస్తుందేమోనని ఉమారాణి చెవి కిటికీ పక్కకు పెట్టింది. ఏడుపు లేదు. కొంచెం సేపటికి గీత గొంతు వినపడింది, గుసగుసలాగే గానీ స్పష్టంగా.

"గోరక్కా, మా అమ్మకు చెప్పకు. మల్ల వస్తది."

గోడకు ఇవతల ఉమారాణి కొంగు నోట్లో కుక్కుకుంది. ముసురు పడుతూనే ఉంది. ఆమె లోపలికి పోలేదు.